గుడారానికి గడప

హోటళ్ళలో, రిసార్టుల్లో హౌస్‌కీపింగ్ పనికి వెళ్ళే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. "ఆంటీ, అన్నేళ్ళు గల్ఫులో చేశారు కదా, ఏదైనా సలహా చెప్పండి" అంటారు. దుప్పటి మూల ఎలా మడవాలో, అద్దం మీద గీతలు పడకుండా ఎలా తుడవాలో మీకు ఎవరైనా నేర్పుతారమ్మా. అనుమానించడం మాత్రం ఎవరూ నేర్పరు. తువ్వాలు కనబడకపోతే అతిథి పట్టుకెళ్ళాడా, మన పనిపిల్ల సంచిలోకి వెళ్ళిందా, అసలు లాండ్రీ నుంచే రాలేదా అని మూడు వైపులా చూడాలి. ముఖం మాత్రం నవ్వుతూ ఉండాలి.

నాకది పుట్టుకతోనే వచ్చింది. "నీతో కాపురమంటే రోజూ కస్టమ్స్ చెకింగే" అనేవారు మా ఆయన. ఆయన ఖతార్‌లోని దుఖాన్‌లో ఒక చమురు కంపెనీలో లెక్కలు చూసేవారు. కంపెనీ క్వార్టర్లోనే ఉండేవాళ్ళం. అక్కడికి కాస్త దూరంలో సముద్రపు ఒడ్డున ఒక పెద్ద వినోదాల పార్కు కడుతుంటే అందులో నాకు హౌస్‌కీపింగ్ ఇన్‌చార్జి ఉద్యోగం దొరికింది. నా అనుమానం ఇంట్లో తిట్లు తింటే, అక్కడ మెచ్చుకోళ్ళు తెచ్చిపెట్టింది.

అంతటి నా అనుమానం ఒక పసుపు గీత దగ్గర బోర్లాపడింది. ఆ సంగతి చెబుతాను.

అవి ఖతార్‌లో చమురు డబ్బు, గ్యాసు డబ్బు పొంగిపొర్లుతున్న రోజులు. ఎటు చూసినా క్రేన్లే. చలికాలం వచ్చిందంటే అక్కడి కుటుంబాలు ఎడారికి తరలిపోయి గుడారాల్లో ఉంటాయి. పిల్లా జెల్లా, ముసలీ ముతకా, వంటవాళ్ళు, డ్రైవర్లు, తివాచీలు, కాఫీ కూజాలు, అన్నీ కదులుతాయి. పనివాళ్ళు ముందుగా వెళ్ళి అన్నీ సర్దిపెడితే, యజమానులు ఆ తర్వాత వస్తారు. దీన్ని చూశాకే మా పార్కు వాళ్ళకు ఒక ఆలోచన వచ్చింది. పార్కు పక్కనే గుడారాలు వేస్తే పిల్లలు పగలంతా రంగులరాట్నాలు ఎక్కుతారు, పెద్దలు సముద్రం చూస్తూ కాఫీ తాగుతారు.

అందులో ఒక వరుస గుడారాలు చక్రాల కుర్చీలో తిరిగేవాళ్ళున్న కుటుంబాల కోసం. ఇసుకలో చక్రం దిగబడిపోతుంది కదా, అందుకని పార్కింగు నుంచి గుడారం దాకా, అక్కడి నుంచి నీళ్ళ అంచు దాకా చెక్క బాట వేశారు. మెట్ల బదులు ఏటవాలు ర్యాంపు. మంచం కుర్చీతో సమానమైన ఎత్తు. స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీలు. పైన గుడారం గుడ్డే గానీ కింద చెక్క నేల, చుట్టూ నడుమెత్తు చెక్క గోడ, వెడల్పాటి చెక్క తలుపు. రంగులరాట్నంలో కూడా కుర్చీతో సహా ఎక్కే చోటు పెట్టారు. అలాంటి ఏర్పాటు నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు.

ఆ చెక్కపనంతా కరీంనగర్ జిల్లా నుంచి వచ్చిన ఒక మేస్త్రిది. అరవైకి దగ్గరపడ్డ మనిషి. చెవి మీద పెన్సిలు, మెడలో తువ్వాలు. ఆయన కింద పనిచేసే వడ్రంగులంతా ఆయన ఊరివాళ్ళే, ఆయన మాట మీద వచ్చినవాళ్ళే. "ఇంట్ల వాళ్ళకు నేను యాడున్ననో ఎరుక లేదమ్మా. ఖతార్ అంటే గదేంది అంటరు. దుబాయ్‌ల ఉన్నడు అని చెప్పుకుంటరు" అని నవ్వేవాడు.

ఆ మేస్త్రి మొట్టమొదటి తలుపు బిగించినప్పుడే గొడవ మొదలైంది. దానికి గడప పెట్టాడు. డ్రాయింగులో గడప లేదు. డ్రాయింగు గీసినవాడు మరిచిపోయాడనుకుని, ఆ వరుసలో ఉన్న తలుపులన్నిటికీ బెత్తెడు ఎత్తున నున్నటి గడపలు పెట్టాడు. ఎవరూ చూసుకోలేదు. నేను కూడా రోజూ వాటిని దాటుకుంటూనే తిరిగాను. గడప ఉంటే నాకు తప్పుగా ఎందుకు కనిపిస్తుంది? మన కళ్ళు అలా అలవాటుపడ్డాయి.

ఒకరోజు అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి దోహా నుంచి చక్రాల కుర్చీలో ఒక యువకుడు వచ్చాడు. ర్యాంపు మీద హాయిగా పైకి వెళ్ళాడు. తలుపు దగ్గర ముందుచక్రాలు గడపకు కొట్టుకుని మనిషి ముందుకు తూలాడు. పట్టుకోకపోతే పడేవాడే. "ర్యాంపు చాలా బాగుంది. పైన గోడ ఎందుకు కట్టారు?" అని నవ్వుతూనే అడిగాడు. మా లెబనాన్ మేనేజరు ముఖం మాడిపోయింది. అన్నీ తీసేయమన్నాడు.

మేస్త్రి నా దగ్గరికి వచ్చాడు. "గడప లేంది ఇల్లెట్లయితదమ్మా? లోపలేదో బయటేదో ఎట్ల తెలుస్తది? పండుగకు పసుపు యాడ రాస్తరు?"

"ఇక్కడ పండక్కి పసుపెవరు రాస్తారండీ? కుర్చీ లోపలికి పోవద్దూ?"

"అదీ నిజమే" అన్నాడు, ఒప్పుకున్నట్టు లేకుండా. గడపలు పీకేసి నేల నున్నగా చిత్రిక పట్టాడు. పీకిన చెక్కలు పారేయబుద్ధి కాక, చక్రం పక్కకు జారకుండా ర్యాంపులకు అటూ ఇటూ అంచులుగా బిగించాడు. అది మాత్రం మేనేజరుకు బాగా నచ్చింది.

ఇక గుడారాలు తెరిచే రోజు దగ్గర పడింది. మొదటి గుడారాన్ని దోహా దగ్గర అల్ ఘర్రాఫాలో ఉండే ఒక పెద్ద కుటుంబం తీసుకుంది. వాళ్ళ మనవరాలు చక్రాల కుర్చీలో తిరిగే పిల్ల. ఆ పిల్ల ఇల్లు వదిలి బయట పడుకోవడం అదే మొదటిసారట. వాళ్ళ పనివాళ్ళు రోజూ మధ్యాహ్నం వ్యానులో వచ్చి తివాచీలూ దిండ్లూ సర్ది వెళ్తుండేవారు.

ఆ రోజుల్లోనే ఒక ఉదయం నేను రౌండుకు వెళ్తే, ఆ మొదటి గుడారం తలుపు దగ్గర, గడప ఉండాల్సిన చోట, ఈ చివర నుంచి ఆ చివరకు పచ్చటి గీత. దాని మీద ఎర్రటి బొట్లు.

పసుపూ కుంకుమా అని తెలియడానికి నాకు వాసన చూడక్కర్లేదు. ఇంకెవరైనా చూసేలోపు గబగబా తడిగుడ్డతో తుడిచేశాను. మర్నాడు మళ్ళీ ఉంది. మళ్ళీ తుడిచాను. ఆ మర్నాడు నాకంటే ముందు సెక్యూరిటీ చీఫ్ చూశాడు.

ఆయన సూడాన్ మనిషి. ఆరడుగుల పైన ఎత్తు, మెత్తటి మాట. ఎవరి మీదా గట్టిగా అరిచి ఎరగడు. ఆ గీతకు దూరంగా నిలబడి, "మేడమ్, ఇది సిహ్ర్" అన్నాడు. సిహ్ర్ అంటే చేతబడి. ఆ దేశంలో ఆ మాట సరదాకు అనే మాట కాదు. పోలీసు కేసు, జైలు, ఆ తర్వాత జన్మలో మళ్ళీ అడుగు పెట్టకుండా ఇంటికి పంపడం. అందులోనూ జబ్బుపిల్ల పడుకోబోయే గది ముందు!

మేనేజరు మమ్మల్ని పిలిపించాడు. "ఆ కుటుంబం వచ్చేలోపు ఎవరు చేశారో తేల్చండి" అన్నాడు. చీఫ్ ఇంకాస్త స్పష్టంగా చెప్పాడు. "వాళ్ళు వచ్చే సమయానికి ఆ పొడి ఆ తలుపు దగ్గర కనబడిందా, నేను పోలీసులకు ఫోన్ చేస్తాను. ముందు వడ్రంగులందరినీ అప్పగిస్తాను. ఇది మీ దేశం వాళ్ళ పొడి అని నాకు తెలుసు." ఆగి, నా నుదుటి బొట్టు వైపు చూశాడు. "మీరేమీ అనుకోవద్దు మేడమ్, మీరు కూడా ఆ దేశం వారే."

అనుకోకుండా ఎలా ఉంటాను? అన్నేళ్ళు అందర్నీ అనుమానించినదాన్ని, నన్నొకరు అనుమానిస్తే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఒళ్ళు మండిపోయింది.

నా లెక్క ప్రకారం ఇది మేస్త్రి పనే. గడపకు పసుపు రాసే బుద్ధి మనవాళ్ళకే ఉంటుంది. పైగా గడపలు తీయించారన్న కచ్చ ఆయనకుంది. పక్కకు పిలిచి అడిగాను.

"మేస్త్రి గారూ, నిజం చెప్పండి. నేనెవరికీ చెప్పను. మానేయండి చాలు."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "నేనా? నేననుకున్న నువ్వే పెడుతున్నవని. ఆడిమనిషివి, ఇల్లు తెరుస్తున్నరు, మంచి జరగాలె అని పెడుతున్నవేమో అనుకుని నోరు మూసుకున్న. మా పోరగాండ్లకు కూడా చెప్పిన, ఆ మేడమ్ పేరు ఎత్తద్దు అని."

"నేనెందుకు పెడతానండీ, రోజూ తుడుస్తున్నది నేనైతే?"

"తుడుసుడు మేమందరం చూస్తున్నం. పెట్టుడు ఎవలు చూసిన్రు?"

చూశారా మాట! నా మీద నాకే అనుమానం వచ్చేలా అడిగాడు. ఇద్దరం ప్రమాణాలు చేసుకున్నాం. ఇద్దరికీ నమ్మకం కుదరలేదు. చివరికి, ఆ కుటుంబం రావాల్సిన రోజు మధ్యాహ్నం, పని వదిలేసి ఎదుటి గుడారం ర్యాంపు మీద పక్కపక్కనే కూర్చున్నాం. నేను ఫ్లాస్కులో టీ తెచ్చాను. నేను లేస్తే ఆయన లేచేవాడు, ఆయన చెయ్యి జేబులోకి వెళ్తే నేను మెడ చాచేదాన్ని.

"అమ్మా, నువ్వు నన్ను కాస్తున్నవా, నేను నిన్ను కాస్తున్ననా?"

"ఇద్దరం తలుపును కాస్తున్నామండీ. టీ తాగండి, చల్లారిపోతుంది."

"నాకేమైనా పరవాలేదమ్మా. నా కాడికి ఒస్తె మూటముల్లె సదురుకుంట. ఈ పోరగాండ్లను నేను తోలుకొచ్చిన. ఒక్కొక్కని ఇంటికి పొయ్యి మాట ఇచ్చి తోలుకొచ్చిన. వాళ్ళను జైల్ల ఏస్తె నేను ఊర్లె మొఖమెట్ల చూపిస్త?" అన్నాడు. ఆ మాటతో నా అనుమానం సగం కరిగింది. మిగతా సగం అలాగే ఉంది, దాచడమెందుకు.

ఇంతలో వ్యాను వచ్చింది. డ్రైవరు సామాను దించి పొగ తాగడానికి పక్కకు వెళ్ళాడు. ముఖం మీద ముసుగుతో, బురఖా లాంటి నల్లటి అబాయాలో, ఆ పనివాళ్ళతో రోజూ వచ్చే ఆవిడే ఆ రోజూ వచ్చింది. దిండ్లు మోసుకుని లోపలికి వెళ్ళింది. ఆ ఇంటి బంధువో, నమ్మకమైన మనిషో అనుకుని నేను రోజూ మర్యాదగా సలాం చెప్పేదాన్ని. ఆవిడ తలూపేది, మాట్లాడేది కాదు. నేను పనిపిల్లల సంచులు వెతికాను, లాండ్రీ బండ్లు వెతికాను, వడ్రంగుల పనిముట్ల పెట్టెలు కూడా వెతికాను. ఆవిడ వైపు మాత్రం కన్నెత్తి చూడలేదు. అతిథి తాలూకు మనిషి కదా.

ఆవిడ మళ్ళీ తలుపు దగ్గరికి వచ్చింది. అటూ ఇటూ చూసింది. ఎదుటి ర్యాంపు నీడలో ఉన్న మేం కనబడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, అబాయాలోంచి చిన్న పొట్లం తీసింది.

మేస్త్రి నా మోచెయ్యి గిల్లాడు. "నేను కాదు" అన్నాడు, నోట్లోనే.

"నేనూ కాదు" అన్నాను.

దగ్గరికి వెళ్ళేసరికి గీత పూర్తయింది, బొట్లు పెడుతోంది. ఏ భాషలో అడగాలో తెలియక తెలుగులోనే అడిగేశాను. "ఎవరమ్మా మీరు?"

ఆవిడ అదిరిపడింది. ముసుగు వెనక కళ్ళు ఇంత పెద్దవయ్యాయి. తర్వాత, మీరు నమ్మరు గానీ, "ఆయ్, తెలుగువారాండీ?" అంది.

కోనసీమ మనిషి. ఆ పాప పుట్టినప్పటి నుంచీ పెంచిన ఆయా. నా కాళ్ళ మీద పడబోయింది. "చెప్పకండమ్మగారూ, మీకు దణ్ణం పెడతాను. పాపకి నేనేదో మందు పెట్టానంటారండి. ప్రాణం తీసేసినా సరే గానీ ఆ మాట పడలేనండి. పాప ఇల్లు దాటి పడుకోవడం ఇదే మొదలండి. దిష్టి తగలకుండా పెట్టానండి. రోజూ ఎవరో తుడిచేత్తన్నారు. పాపంటే గిట్టనోళ్ళెవరో ఉన్నారిక్కడ, కాసుక్కూచున్నారు అనుకుని, నేనూ పట్టుబట్టి పెట్టానండి."

పాపంటే గిట్టనిదాన్ని నేనన్నమాట!

"తలుపుకి గడప కూడా లేదండి" అంది కళ్ళు తుడుచుకుంటూ. "గడప లేకపోతే లోపలేదో బయటేదో పిల్లకెలా తెలుత్తాదండీ? గీతన్నా ఉండద్దా?"

మేస్త్రి నా వైపు చూశాడు. నేనన్నదే కదా ఈమె కూడా అంటోంది అన్నట్టు గడ్డం ఎగరేశాడు. అంత కంగారులోనూ ఆయనకు ఆ సంబరం.

తుడిచేద్దామని నేను కొంగు పట్టుకుని వంగానో లేదో, చెక్క బాట మీద బూట్ల చప్పుడు. చీఫ్, ఆయన వెనక మేనేజరు. దూరంగా పార్కింగులో పెద్ద బళ్ళు ఆగుతున్నాయి. చీఫ్ వచ్చి గీతను చూశాడు, మా ముగ్గురినీ చూశాడు. జేబులోంచి ఫోన్ తీశాడు.

మేస్త్రి ఒక అడుగు ముందుకు వేశాడు. తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "సాబ్, మైనే..." అని హిందీలో మొదలుపెట్టాడు. ఏం చెప్పబోతున్నాడో నాకు అర్థమైంది. తప్పంతా తన నెత్తిన వేసుకోబోతున్నాడు. వేసుకుంటే ఆయనతో పాటు ఆ కుర్రాళ్ళంతా పోతారు. వేసుకోకపోతే ఈ ఆయా పోతుంది.

"చీమలు!" అని అరిచాను ఇంగ్లీషులో.

అందరూ నా వైపు తిరిగారు. "చీమల కోసం. రేపటి నుంచి పిల్లలు కేకులూ జ్యూసులూ పారబోస్తారు. మా దేశంలో తలుపు దగ్గర ఈ పొడి వేస్తే చీమలు రావు. నేనే వేయించాను. హౌస్‌కీపింగ్ పని అది."

అందులో అబద్ధం ఎంత, నిజం ఎంత అని అడక్కండి. పసుపుకు చీమలు రావన్నది నిజమే.

"మరి రోజూ మీరే ఎందుకు తుడిచారు?" అన్నాడు చీఫ్ మెత్తగా. ఆయనా నా జాతివాడే, అనుమానంలో.

"పాతది తుడవకుండా కొత్తది ఎలా వేస్తాం?"

"ఎర్రది?"

"కారం."

అనేశాను గానీ, అంటూనే నాలుక కరుచుకున్నాను. ఆయన ఒక మోకాలి మీద వంగాడు. చూపుడువేలితో ఒక బొట్టు అద్దుకున్నాడు. దాన్ని కాసేపు చూసి, నాలుక దగ్గరికి తీసుకెళ్ళాడు. కుంకుమ కారంగా ఉంటుందా? నా పని అయిపోయింది అనుకున్నాను. మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు.

చెక్క బాట మీద చక్రాల చప్పుడు వినిపించింది.

ఆ పిల్ల కుర్చీని తనే తోసుకుంటూ వస్తోంది. ఎవరినీ చెయ్యి వేయనివ్వడం లేదు. పక్కనే కర్ర పట్టుకుని నాయనమ్మ. వెనక కొడుకులూ కోడళ్ళూ. చీఫ్ గబుక్కున లేచి, వేలు అలాగే గాల్లో పెట్టుకుని సలాం చేశాడు. ర్యాంపు ఎక్కి వచ్చిన పిల్ల సరిగ్గా గీత ముందు ఆగింది.

నాయనమ్మ కూడా గీతను చూసింది. ఏమిటిది అని అరబ్బీలో అడిగింది. చీఫ్ చెప్పాడు. ఈ మేడమ్ చీమల కోసం అంటోంది, నాకు నమ్మకం లేదు, తమరు సెలవిస్తే పోలీసులను పిలుస్తాను అన్నాడు. అంతమాత్రం అరబ్బీ నాకు అర్థమవుతుంది.

ఆవిడ నన్ను చూసింది. మేస్త్రిని చూసింది. ఆయా వైపు మాత్రం చాలాసేపు చూసింది. ఆయా చేతివేళ్ళకు పసుపు ఇంకా అంటుకునే ఉంది, పిచ్చిది దాచుకోవడం కూడా మరిచిపోయింది.

"నమ్ల్" అంది నాయనమ్మ. చీమలు అని. "అవును, చీమలే. మా ఇంట్లో కూడా ఉన్నాయి. ఈ పిల్ల గది తలుపు దగ్గర. ఇది పుట్టినప్పటి నుంచీ ఈ పొడి వేస్తూనే ఉన్నారు. మేమెప్పుడూ తుడవలేదు." కర్రతో గీతను తాకకుండా చూపించి, "దీన్ని కూడా తుడవొద్దని చెప్పు" అంది.

చీఫ్ తన వేలిని చూసుకున్నాడు. జేబురుమాలు తీసి తుడుచుకున్నాడు.

మర్నాటి నుంచి మేనేజరు అన్ని గుడారాలకూ చీమల పొడి వేయించమని నాకు ఆర్డరు వేశాడు. ఫిలిప్పీన్స్ పిల్లలూ నేపాల్ కుర్రాళ్ళూ తలుపు తలుపుకూ పసుపు గీస్తుంటే, మేస్త్రి పని మానేసి వచ్చి, "వంకర పోతున్నది, సక్కగ గియ్యుండ్రి" అని తెలుగులోనే అజమాయిషీ చేసేవాడు. నేను అక్కడ పనిచేసినంత కాలం ఆ పద్ధతి నడిచింది. ఆ పెద్దావిడకు అది ఏమిటో నిజంగా తెలుసా, తెలిసే ఊరుకుందా, లేక నిజంగానే చీమల పొడి అనుకుందా అన్న అనుమానం నాకు ఇప్పటికీ పోలేదు. ఒకరోజు చీమలనే నమ్మిందనీ, ఇంకోరోజు అన్నీ తెలుసనీ అనిపిస్తుంది.

కానీ నాకు గుర్తుండిపోయింది అది కాదు. నాయనమ్మ ఆ మాట అన్న తర్వాత కూడా ఆ పిల్ల కుర్చీని కదపలేదు. పక్కకు వంగి, చెయ్యి సాచి, ఆ పసుపు గీతను వేళ్ళతో తాకి కళ్ళకు అద్దుకుంది. తలెత్తి, ముసుగు వెనక ఏడుస్తున్న మనిషిని చూసి, అచ్చం కోనసీమ యాసలో అడిగింది.

"ఆయా, గడప దాటచ్చాండీ?"

మేస్త్రే జవాబు చెప్పాడు. చెక్క పీకేసిన చోటు వైపు చూస్తూ, తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ చెప్పాడు.

"దాటు బిడ్డా. ఎత్తు లేదు, నీకు తగలదు. దాటి లోపటికి పో."

కుర్చీ ముందుకు కదిలింది. చక్రాలు ఎక్కడా ఆగలేదు.